పోగు లాగి చూడు

బీరవ్వ. వయసు ఆరేళ్ళు. మంద కదిలితే అందరికన్నా వెనక నడవడం ఆమె అలవాటు.

గొర్రెకు పేరేమిటి, వయసేమిటి అంటారేమో. పొట్టేలుకు పేరుంటే మాత్రం ఎవరూ అడగరు. ఆ మందలో పెద్ద పొట్టేలు పేరు ఓదేలు. మెలితిరిగిన కొమ్ములు, బండరాయి లాంటి నుదురు, ఆ నుదుటి వెనక పెద్దగా ఏమీ లేదు. అతనితో కలిపి పొట్టేళ్ళు తొమ్మిది, గొర్రెలు నలభై. ఇవి కాక లచ్చవ్వ అనే పొడుగు వెంట్రుకల మేక ఒకతె. ఆమె ఒంటి మీది వెంట్రుకలు పట్టులా జారేవి. నోరు మాత్రం ముళ్ళకంప.

వాళ్ళుండేది తుమ్మచెట్ల బీడులో. బీడు పక్కన వాగు, వాగు దాటితే అడవి. వానాకాలం నాలుగు నెలలు గడ్డి, చలికాలం నాలుగు నెలలు ఆ గడ్డి మొదళ్ళు, వేసవి నాలుగు నెలలు గాలి. ఆ గాలి తిని గొర్రెలు పిల్లలకు పాలివ్వాలి.

అడవిని ఏలే సింహానికి ముసలితనం వచ్చింది. దానితోపాటు చలి వచ్చింది. తనకు చలేస్తే తప్ప ప్రజల ఒంటి మీద ఉన్ని ఉందన్న సంగతి ఏ రాజుకూ గుర్తు రాదు. రాజుకు గొంగళ్ళు కావాలి, గొంగళ్ళకు ఉన్ని కావాలి, ఉన్ని కోసం గొర్రెలు బతికుండాలి. అందుకని ఒక మాఘమాసం పొద్దున మందకు ఉత్తర్వు వచ్చింది. ఉన్నీ, మేక వెంట్రుకలూ ఇచ్చే ఉత్పత్తిదారులకు రాజుగారు సబ్సిడి ఇస్తారు. వేసవి పొడుగునా తలకు రోజుకొక ఎండు పల్లితీగ మోపు, అంటే వేరుశనగ మేత. ఇది పంచడానికి నక్కను గుమాస్తాగా వేశారు.

నక్కనే ఎందుకు వేశారని అడక్కండి. గొర్రెల బాగు చూసే ఉద్యోగం గొర్రెకు ఇచ్చిన రాజ్యం ఎక్కడుందో చెప్పండి, నేనూ పోయి చూసొస్తాను.

నక్క తుమ్మచెట్టు కింద రాయి మీద కూర్చున్నాడు. ఒళ్ళో మోదుగాకుల కట్ట, పక్కన చిప్పలో ఎర్రమట్టి ముద్ద.

"కొమ్ములున్నవాళ్ళు ఇటు, లేనివాళ్ళు అటు," అన్నాడు.

ఆ జాతిలో కొమ్ములు పొట్టేళ్ళకే వస్తాయి. తొమ్మిది ఇటు నిలబడ్డాయి, నలభై అటు నిలబడ్డాయి.

"పేరు?"

"ఓదేలు."

"ఉత్పత్తిదారు ఓదేలు గారు," అని నక్క ఆకు మీద గోటితో గీసి, ఓదేలు కొమ్ము మీద ఎర్రమట్టి ముద్ర వేశాడు. పుట్టిన దగ్గర్నుంచీ ఓదేలును 'గారు' అన్నవాళ్ళు లేరు. అతను మెడ నిటారుగా పెట్టి, ముద్ర అందరికీ కనిపించేలా రెండుసార్లు గుండ్రంగా తిరిగాడు.

తొమ్మిది ముద్రలు అయ్యాక నక్క ఆకులు మడిచాడు. వెనక నుంచి బీరవ్వ ముందుకు వచ్చింది.

"గుమాస్తా గారూ, మా పేర్లు?"

"కొమ్ములున్నాయా అమ్మా?"

"లేవు."

"మరి ముద్ర ఎక్కడ వెయ్యమంటావు?"

"ఉన్ని కొమ్ముల మీద పెరగదు గదా. ఒంటి మీద పెరుగుతది. గిదిగో, చూడుర్రి."

నక్క చూడలేదు. "ఆడదాని ఒంటి మీద ఉన్నది ఉన్ని కాదమ్మా, ఒళ్ళు. అది ఇంటి వాడకానికి. ఉత్పత్తి అంటే వేరు."

"ఉత్పత్తి అంటే ఏంది?"

"పేరు రాసుకున్నది."

లచ్చవ్వ అందరినీ తోసుకుంటూ వచ్చింది. "నాకు కొమ్ములున్నయి. కొట్టు ముద్ర."

నక్క కాస్త తడుముకున్నాడు. ఆడమేకకు కొమ్ములుంటాయన్న సంగతి అతనికి తట్టలేదు. "మేకల్లో కొమ్ములు చూడం. గడ్డం చూస్తాం."

"గడ్డం గూడ ఉన్నది. చూడు, నీ తోకకన్న ఒత్తుగ లేదా?"

మంద కిసుక్కున నవ్వింది. నక్క ఆకులు అటూ ఇటూ తిప్పి, "కొమ్ములూ గడ్డమూ రెండూ ఉన్న ఆడది... ఇది ప్రత్యేక కేసు. పై వాళ్ళకు రాస్తాను. నీ దరఖాస్తు పరిశీలనలో ఉంటుంది," అన్నాడు.

"ఎన్నాళ్ళు?"

"నీ గడ్డం తెల్లబడే దాకా."

"అది పుట్టంగనే తెల్లగున్నది. ఇంక కొట్టు."

నక్క అప్పటికే రాయి దిగి వెళ్ళిపోయాడు.

ఓదేలు నెమ్మదిగా బీరవ్వ దగ్గరికి వచ్చి, పెద్దమనిషి గొంతుతో, "మీరేం పరేషాన్ కాకుర్రి. నాకొస్తే మీకొచ్చినట్టే గదా. ఇంటి పెద్ద తింటే ఇల్లు తిన్నట్టే," అన్నాడు.

"నువ్వు నీళ్ళు తాగితే నా దూప తీరుతదా?" అంది బీరవ్వ.

ఓదేలు ఆలోచించాడు. అది అతనికి కష్టమైన పని. అందుకే మానేసి, ముద్ర ఆరిందా లేదా అని నీళ్ళలో చూసుకోవడానికి వాగుకు పోయాడు.

"గొర్రె కసాయోన్నే నమ్ముతదని సామెత ఉట్టిగనే పెట్టలేదు," అంది లచ్చవ్వ.

"ఆ సామెత పెట్టింది గొర్రె కాదే పిల్లా. కసాయోడు," అంది బీరవ్వ.

ఆ వారమే ఉన్ని కత్తిరింపు జరిగింది. ఆ మందలో కత్తిరింపు ఎప్పుడూ వాగులోనే. ముందు నీళ్ళలో మునిగి ఒంటి మీది మట్టీ పల్లేరుకాయలూ వదిలించుకోవాలి, తర్వాత ఎండలో ఆరాలి, ఆ తర్వాత వాగు ఒడ్డున ఉండే ముసలి పీత ఎండ్రకాయవ్వ తన రెండు పట్టకార్లతో చర్మం తెగకుండా ఉన్ని తీస్తుంది. తల్లి నుంచి నేర్చిన పని. ఏ గొర్రె ఏ ఏడు ఏం తిన్నదో ఆమెకు చేత్తో తెలిసేది.

కత్తిరింపుకు నలభై గొర్రెలూ లచ్చవ్వా వచ్చాయి. పొట్టేళ్ళు రాలేదు. ఉత్పత్తిదారుల అందం చెడకూడదని నక్క వాళ్ళకు మినహాయింపు ఇచ్చాడు. నలభై ఒక్క మూటలు కట్టి, తొమ్మిది పేర్లు రాసి రాజకోటకు పంపాడు.

సొమ్మొకడిది, సోకొకడిది. ఈ సామెతలో ఆ రెండో 'ఒకడు' ఎప్పుడూ ఒకడే. మొదటిది మాత్రం చాలాసార్లు 'ఒకతె' అయి ఉంటుంది, రాసుకున్నవాళ్ళు మార్చేశారు.

వేసవి వచ్చింది. రోజూ పొద్దున తొమ్మిది మోపులు దిగేవి, తొమ్మిది పొట్టేళ్ళు తినేవి. గొర్రెలు తుమ్మకాయలు ఏరుకున్నాయి, అవి అయిపోయాక మోదుగ బెరడు గీక్కున్నాయి. పొదుగులు ఎండిపోయాయి. వైశాఖం వచ్చేసరికి గొర్రెపిల్లలు ఒక్కొక్కటే పడిపోవడం మొదలైంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. నక్క పల్లితీగ తినడు. మరి అతనికేం లాభం? రాజుగారి ఉత్తర్వులో అట్టడుగున చిన్న వాక్యం ఒకటుంది. మందలో చనిపోయిన పిల్లల అంతిమ ఏర్పాట్లు గుమాస్తా చూసుకోవాలి అని. ఆ ఒక్క వాక్యం కోసమే నక్క ఆ ఉద్యోగం అడిగి తెచ్చుకున్నాడు.

బీరవ్వ పిల్ల పదకొండోది. ఆ పొద్దున అది లేచి తల్లి పొదుగును మూడుసార్లు కుమ్మింది, నాలుగోసారి కుమ్మబోయి మోకాళ్ళ మీద కూలింది. నక్క వెంటనే వచ్చాడు. ఎప్పుడూ వెంటనే వచ్చేవాడు.

"అయ్యో తల్లీ, నీకెంత కష్టం. ఏర్పాట్లన్నీ నేను చూసుకుంటాను, నువ్వు ఒళ్ళు జాగ్రత్త," అని పిల్లను మెడ దగ్గర నోట కరిచి ఈడ్చుకుపోయాడు.

బీరవ్వ ఏడవలేదు. తల్లయి ఉండి ఏడవలేదని పొట్టేళ్ళు నాలుగు రోజులు చెప్పుకున్నాయి. ఆమె నిలబడి, నక్క పొద మాటుకు పోయేదాకా చూసింది. పొద మాటునుంచి ఎముక విరిగిన చప్పుడు వచ్చేదాకా వింది. ఆ తర్వాత తిరిగి వచ్చి మోదుగ బెరడు గీక్కుంది. బతకాలని ఆమె నిశ్చయించుకుంది.

వానలు పడ్డాయి. గడ్డి వచ్చింది. శ్రావణానికి బీరవ్వ మళ్ళీ చూలుతో ఉంది.

"ఇది పుట్టేసరికి చలికాలం. వేసవికి పాలు తాగే వయసుల ఉంటది," అంది లచ్చవ్వతో. "వచ్చే వేసవి మోపు నాకు కావాలె. ఓదేలు మిగిల్చింది కాదు. నా మోపు. నా పేరు మీద."

"గుమాస్తాను మళ్ళ అడుగుతవా?"

"దొంగను తాళంచెవి అడుగుతరా ఎవరన్న? అడిగేది ఎవర్నో ఇంక ఆలోచన చేయాలె."

భాద్రపదంలో రెండో కత్తిరింపు వచ్చింది. బీరవ్వ మునిగి, ఆరి, ఎండ్రకాయవ్వ ముందు పడుకుంది. ముసలామె నాలుగు పోగులు తీసి ఆగింది. ఒక పోగును రెండు పట్టకార్లతో పట్టుకుని రెండు వైపులకూ లాగింది. పోగు సరిగ్గా మధ్యలో పుటుక్కున తెగింది.

"ఏమే, వేసవిల నీకు తిండి లేదా?" అంది ఎండ్రకాయవ్వ.

బీరవ్వ తల ఎత్తింది. "నీకెట్ల తెలుసు?"

"నాకు కాదు, పోగుకు తెలుసు. చూడు. ఈ కొన మాఘం అయినంక పెరిగింది, అప్పుడు గడ్డి మొదళ్ళన్న ఉండె, అందుకే గట్టిగున్నది. ఈ మొదలు వానల పెరిగింది, గట్టిది. నడుమ వేసవి. వెంట్రుక ఆకలైతే సన్నబడతది. ఎంత కడిగినా, ఎంత దువ్వినా, లాగితే ఆకలైన కాడనే తెగుతది." ఆమె ఇంకో గొర్రెది లాగింది. తెగింది. లచ్చవ్వది లాగింది. అదీ తెగింది. "మీ అందరిదీ గిట్లనే ఉన్నది. మీ అమ్మల కాలంల కరువొచ్చిన ఏడు ఒక్కసారి చూసిన గిసొంటిది."

బీరవ్వ తెగిన పోగు మీదికి తల వంచి చూసింది. తర్వాత, "అవ్వా, కడుపు నిండ తిన్నోళ్ళది లాగితే?" అని అడిగింది.

"నువ్వు వేలాడినా తెగదు."

సాయంత్రానికి ఇంకో సంగతి తెలిసింది. పథకం ఎలా నడుస్తోందో చూసి, వచ్చే ఏడు ఉంచాలో, మార్చాలో, తీసెయ్యాలో తేల్చడానికి రాజకోట నుంచి తనిఖీదారు వస్తున్నాడు. ఇసుక దేశం నుంచి వచ్చి రాజు కొలువులో చేరిన ఒంటె.

బీరవ్వ తన ఆలోచన చెప్పగానే లచ్చవ్వ బెంబేలెత్తింది. "ఏందక్కా నీ పిచ్చి! మన ఉన్ని తెగుతుందని మనమే చూపిస్తే ఆయనేమంటడు? పనికిరాని ఉన్నికి సబ్సిడి ఎందుకు, బందు చేయుర్రి అంటడు. అప్పుడు నీకూ లేదు, నాకూ లేదు, ఆ కొమ్ములోళ్ళకూ లేదు."

"ఇప్పుడు నీకున్నదా?"

"లేదు."

"నాకున్నదా?"

"లేదు."

"మరి మనకు పోయేదేంది? చావు పిల్లలది, పేరు పొట్టేళ్ళది, తిండి నక్కది. మన దగ్గర మిగిలింది గీ తెగే పోగే. దీన్నే చూపిస్త." బీరవ్వ గిట్టతో నేలను ఒకసారి కొట్టింది. "కాకుంటే దాన్ని నేను ముందుగ చూపించను. ముందుగాల నక్కతోనే మాట్లాడిపిస్త."

ఒంటె ఒకరోజు పొద్దుగూకే వేళకు వచ్చి, మర్నాడు ఎండ ఎక్కాక పనికి కూర్చున్నాడు. మెడ పొడుగు, కనురెప్పలు బరువు, మాట నిదానం. నక్క నలభై ఒక్క కొత్త మూటలను వరసగా పేర్పించి, వాటి ముందు ఓదేలును నిలబెట్టాడు. ఓదేలు కొమ్ముల మీద ముద్ర కొత్తగా దిద్దించుకుని వచ్చాడు.

"తొమ్మిది మంది ఉత్పత్తిదారులు," అని ఒంటె ఆకు చదివాడు. "నలభై ఒక్క మూటలా?"

"అంతా పథకం మహిమ ప్రభూ," అన్నాడు నక్క వంగి. "కడుపు నిండా తిన్నవాడికి ఉన్ని నెలనెలా పొంగుతుంది. రాజుగారి మేత అటువంటిది."

ఒంటె కనురెప్పలు సగం మూసుకున్నాయి. ఈ మాట రాజుగారికి చెబితే ఆయన ఎంత సంతోషిస్తారో తలచుకున్నాడు. పై నుంచి వచ్చిన వాళ్ళకు లెక్క కుదరకపోయినా ఫరవాలేదు, లెక్క పెద్దదిగా ఉంటే చాలు.

బీరవ్వ ముందుకు వచ్చి తల వంచి నిలబడింది. "దొరా, ఆడదాన్ని, తెలివితక్కువదాన్ని. గుమాస్తా గారిని ఒక మాట అడగొచ్చా?"

"అడుగు."

"ఈ మూటలల్ల మా గొర్రెల ఉన్ని ఏమన్న కలిసిందేమోనని భయమైతున్నది. పనికిరానిది కలిస్తే మా పొట్టేళ్ళకు మాట వస్తది గదా."

నక్క నవ్వాడు. ఇంత మంచి గొర్రెను అతను చూడలేదు. "ఒక్క పోగు కలవలేదు ప్రభూ. దగ్గరుండి చూశాను."

"వేసవిల మేత దొరకనోళ్ళది గూడ కలవలేదా?"

"కలవలేదని చెప్పానుగా! ఈ నలభై ఒక్క మూటల్లో, వేసవి పొడుగునా రాజుగారి పల్లితీగ తినని ఒంటి మీద పెరిగిన పోగు ఒక్కటి ఉంటే నా తోక కత్తిరించండి."

"దొర వింటున్నడు."

"వినాలనే చెబుతున్నాను!"

"సరే అయితే," అని బీరవ్వ తల ఎత్తింది. ఆమె గొంతులో అణకువ పోయింది. "దొరా, ఏ మూటన్న ఇప్పు. ఒక్క పోగు తీసి లాగి చూడు."

ఒంటె దగ్గరలో ఉన్న మూటలోంచి పోగు తీసి, ఒక కొస పళ్ళతో, ఇంకో కొస కాలి కింద పెట్టి లాగాడు. పుటుక్కుమంది. మధ్యలో. ఇంకో మూట, పుటుక్కు. మూడోది, నాలుగోది, పదోది. ప్రతి పోగూ అదే చోట తెగింది.

ఒంటె కనురెప్పలు పూర్తిగా తెరుచుకున్నాయి. అతని ఒంటి మీదా వెంట్రుకలున్నాయి, ఇసుక దేశంలో అతనూ కరువులు చూశాడు.

"ఇది ఆకలి," అన్నాడు నెమ్మదిగా. "ఈ పోగు పెరిగిన ఒంటికి మూడు నాలుగు నెలలు తిండి లేదు. మా దేశంలో నీళ్ళు లేని ఏడు మా వెంట్రుక ఇలాగే తెగేది. నక్కా, వేసవి పొడుగునా మేత తిన్నవాళ్ళది అన్నావే?"

"అది... మూటల్లో చెమ్మ తగిలి..."

"చెమ్మ తగిలితే కుళ్ళుతది, ఒక్క కాడనే తెగదు," అంది ఎండ్రకాయవ్వ వాగులోంచి.

"దొరా, తిన్నోళ్ళది గూడ చూడు," అంది బీరవ్వ. "ఓదేలు ఇక్కడనే ఉన్నడు."

ఓదేలుకు తనను చూస్తున్నారన్న సంతోషమే తప్ప ఇంకేమీ అర్థం కాలేదు. డొక్క ముందుకు పెట్టాడు. ఒంటె అక్కడి పోగు ఒకటి పళ్ళతో పట్టి లాగాడు. పోగు తెగలేదు. ఇంకా గట్టిగా లాగితే ఓదేలు మొత్తం ఒంటె మీదికి వచ్చాడు.

"మంచి ఉన్ని. పొడుగ్గా ఉంది. పొట్టేలూ, నిన్ను చివరగా ఎప్పుడు కత్తిరించారు?"

"నన్నా?" అని ఓదేలు గర్వంగా కొమ్ములు ఆడించాడు. "నన్ను కత్తిరించరు దొరా. నేను ఉత్పత్తిదారును."

ముందు లచ్చవ్వ నవ్వింది. తర్వాత నలభై గొర్రెలు. చివరికి ఏం జరిగిందో తెలియక ఓదేలు కూడా నవ్వాడు.

ఒంటె నవ్వలేదు. మోదుగాకుల కట్ట నక్క చేతిలోంచి లాక్కుని నమలడం మొదలుపెట్టాడు. నమిలి మింగి, "ఈ జాబితా అయిపోయింది," అన్నాడు.

నక్క అంత తేలిగ్గా ఓడేవాడు కాదు. తనకు దక్కనిది ఎవరికీ దక్కకూడదన్నది ఆ జాతి పట్టుదల. "ప్రభూ, తప్పు నాదే అనుకోండి. కానీ ఉన్ని పనికిరానిదని మీ పళ్ళే తేల్చాయి. రాజుగారికి తెగే గొంగడి కప్పుతారా? పథకం రద్దు చెయ్యడమే ధర్మం."

ఒంటె ఆకులు నెమరువేశాడు. ఆ మాటలో నిజముంది. రాజుగారి ముందు తెగే పోగు పెట్టి, ఇదీ మీ పథకం అని చెప్పే తనిఖీదారు తల భుజాల మీద ఉండదు. రద్దు తేలిక. ఒక్క మాటతో పోతుంది.

"అవును," అన్నాడు. "రద్దు చెయ్యాల్సిందే." లేచి దారి పట్టబోయాడు.

లచ్చవ్వ బీరవ్వ వైపు చూసింది. ఆ చూపులో 'నేను చెప్పలేదా' అని ఉంది. బీరవ్వ దాన్ని పట్టించుకోలేదు. పోయి దారికి అడ్డంగా పడుకుంది. చూలుతో ఉన్న బరువు ఒళ్ళు, అప్పుడే ఉన్ని తీసిన బోడి ఒళ్ళు. ఆమె పక్కన ఇంకో గొర్రె పడుకుంది, దాని పక్కన ఇంకొకటి. వాగు ఒడ్డు నుంచి తుమ్మచెట్టు దాకా నలభై గొర్రెలు, ఒక మేక.

"లేవండి," అన్నాడు ఒంటె.

"లేవం," అంది బీరవ్వ. "పోవాలంటే మా మీద కాలు పెట్టి పో. నీ కాలి కింద మెత్తగనే ఉంటది, అలవాటే మాకు."

"ఉన్ని పనికిరానిదని నువ్వే నిరూపించావు కదమ్మా."

"ఉన్ని చెడ్డదని నేనన్ననా? తిండి పెట్టలేదన్న. చేనుకు నీళ్ళు పెట్టక, గింజ తాలు పోయిందని చేను దున్నేస్తరా? దొరా, మీ రాజుకు సబ్సిడి దండుగ కాలేదు. ఉన్ని తీసిన ఒంటికి పోనేలేదు. వచ్చే వేసవి మోపు మాకు పెట్టుర్రి. వచ్చే భాద్రపదంల మళ్ళ రా. పోగు లాగి చూడు. తెగితే నువ్వు రద్దు చేసేదేంది, నేనే వచ్చి రాజకోటల చెప్తా, మా ఉన్ని మా ఒంటికే సరిపోతదని."

"తెగకపోతే?"

"తెగకపోతే నీ తల నీ భుజాల మీదనే ఉంటది. రాజుకు మంచి గొంగడి వస్తది. నా కడుపుల ఉన్నది బతుకుతది. ముగ్గురికీ లాభమే. నష్టం ఒక్కనికే." ఆమె నక్క వైపు చూడలేదు. చూడాల్సిన అవసరం లేకపోయింది, మిగతా అందరూ చూశారు.

ఒంటె కాలు ఎత్తి, ఆ వరసను చూసి, కాలు దించాడు. ఎత్తుగా ఉండే వాళ్ళకు నేల మీద పడుకున్న వాళ్ళు ఎక్కువమంది ఒకేసారి కనిపించడం అరుదు.

"ఉత్తర్వు మారుస్తున్నాను," అన్నాడు. "కొమ్ములు, గడ్డం చూసేది లేదు. ఎవరి ఒంటి మీద బొచ్చు తీశారో వాళ్ళ పేరే జాబితాలో ఉండాలి. తీయించుకోని వాళ్ళకు మోపు లేదు. చనిపోయిన పిల్లలను ఇకమీదట తల్లులే చూసుకుంటారు."

ఓదేలు అందరికన్నా ముందు పరుగెత్తి ఎండ్రకాయవ్వ ముందు పడుకున్నాడు. "తీయవ్వా, తొందరగ తీయి! నా మోపు పోతది!"

"ముందుగాల నీళ్ళల్ల మునిగి రా," అంది ఎండ్రకాయవ్వ. "ఏడాది మట్టి నీ మీదనే ఉన్నది, ఉత్పత్తిదారు గారూ."

నక్క పొద వైపు జారుకోబోయాడు. లచ్చవ్వ కొమ్ములు అడ్డం పెట్టింది.

"ఎటు? తోక కత్తిరించుర్రి అన్నవు గదా. దొర విన్నడు."

ఎండ్రకాయవ్వ ఇంకో మాట అడగలేదు. నక్క తోక బొచ్చు మొదలు నుంచి చివరిదాకా తీసి చిన్న మూట కట్టింది. నక్క తన బోడి తోకను కాళ్ళ మధ్య దాచుకుని లేస్తుంటే బీరవ్వ పిలిచింది.

"ఆగుర్రి గుమాస్తా గారూ. బొచ్చు ఇచ్చిన్రు గదా. ఉత్తర్వు అందరికీ ఒక్కటే. మీ పేరు గూడ రాస్తం."

వేసవి మొదలైన రోజు పొద్దున మిగతా వాళ్ళతోపాటు నక్కకూ ఒక మోపు దిగింది. నిక్కచ్చిగా అందరి మోపంత మోపు. విప్పి చూసుకున్నాడు. పల్లితీగ, దాని కింద పల్లితీగ, దాని కింద పల్లితీగ. ఒక్క కాయ కూడా లేదు. మందలో గొర్రెపిల్లలు గట్టిగా గెంతుతున్నాయి, ఏదీ పడిపోయేలా లేదు. మధ్యాహ్నం దాకా ఆ మోపు ముందు కూర్చుని, ఎవరూ చూడటం లేదనుకుని ఒక పుల్ల నోట పెట్టుకుని నమిలి, ఊసి, అడవిలోకి పోయాడు. మళ్ళీ రాలేదు.

పేరు ఎవరిది రాసుకున్నా, పని ఎవరు చేశారో పనినే లాగి అడిగితే చెబుతుంది.

బీరవ్వ అంతకు ముందే పుష్యమాసంలో ఆడపిల్లను ఈనింది, అది బతికింది. భాద్రపదంలో ఒంటె మళ్ళీ వచ్చి పోగు లాగాడు, తెగలేదు. ఆ వేసవి నుంచి మూడేళ్ళు మోపులు పంచింది బీరవ్వే. మూడేళ్ళలో ఒక్కసారి కూడా ఓదేలుకు రెండో మోపు ఇవ్వలేదు.